కెర్నల్ అప్‌గ్రేడ్ తర్వాత కొత్త డిస్క్ కనిపించకపోతే... ఇంటి సర్వర్‌కు వరుస పరీక్షలు

మా ఇంట్లో చలికోట్లు తగిలించే క్లోజెట్ అడుగున నాలుగు ట్రేల చిన్న లినక్స్ సర్వర్ ఒకటి ఉంది. అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళల్లో ఇలాంటి పెట్టెలు చాలానే చూశాను. పెళ్ళి వీడియోలు, పిల్లల అన్నప్రాసన ఫోటోలు, వీసా కాగితాల కాపీలు, ఊళ్ళో పొలం పాస్‌బుక్ స్కాన్లు, అన్నీ అందులోనే. మా పెట్టెను పెట్టింది మావారు. రోజూ చూసుకునేది నేను. ఎప్పుడో బీఎస్సీ ఎంపీసీ చదివాను, ఉద్యోగం చేయలేదు. కంప్యూటర్ పని అంతా ఇంట్లోనే అవసరం కొద్దీ నేర్చుకున్నాను.

ఆ మధ్య ఒక ఆదివారం ఈ పెట్టెతో నాకు ఎదురైన కష్టం, దాన్ని దాటిన పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో ఇదే జరిగితే కంగారు పడకుండా వరుసగా చూసుకోవడానికి పనికొస్తుంది. కమాండ్లను పలికే తీరులో తెలుగులోనే రాశాను. టైప్ చేసేటప్పుడు అన్నీ ఇంగ్లీషు చిన్న బడి అక్షరాల్లో కొట్టాలి. ఉబుంటు, డెబియన్ రెండింటిలోనూ ఇవి పనిచేస్తాయి.

ఏం జరిగింది

మా సర్వర్‌లో రెండు 4 టెరాబైట్ల డిస్కులు మిర్రర్‌గా, అంటే రెయిడ్ 1గా ఉన్నాయి. ఒకదాంట్లో ఏది రాస్తే రెండోదాంట్లోనూ అదే పడుతుంది. గురువారం రెండింటిలో ఒకటి చెడిపోయి మిర్రర్ నుంచి బయటపడింది. కొత్త డిస్క్ ఆర్డర్ చేశాం. అది వచ్చేలోపు, ఆదివారం తెల్లవారుజామున, ఆటోమేటిక్ అప్‌డేట్ కొత్త కెర్నల్ పెట్టుకుని సర్వర్‌ను రీబూట్ చేసింది. మధ్యాహ్నం డిస్క్ వచ్చింది. మావారు ఆఫీసు పని మీద వేరే ఊళ్ళో ఉన్నారు. ఇంతకుముందు మూడుసార్లు నేనే సర్వర్ ఆపకుండా డిస్క్ పెట్టాను, తీశాను. అదే ధైర్యంతో ఖాళీ ట్రేలో పెట్టాను. లైటు వెలిగింది. స్క్రీన్ మీద మాత్రం ఏమీ రాలేదు.

"ఏమండీ, కొత్త డిస్క్ కనపడటం లేదు."

"ట్రేలో సరిగ్గా కూర్చుందా?"

"కూర్చుంది. చెయ్యి పెడితే లోపల తిరుగుతున్నట్టు తెలుస్తోంది."

"అయితే ఒకసారి రీబూట్ చెయ్యి."

"మిగిలింది ఒక్క డిస్క్. కాపీ తీయకుండా చెయ్యను."

ఆ ఒక్క డిస్క్ మీద పదకొండు నిమిషాల వీడియో ఒకటి ఉంది. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా రిటైరైన మా నాన్న, సెలవులకు వెళ్ళిన మా అబ్బాయికి ఫ్యూజు కట్టడం నేర్పుతున్న వీడియో. నాన్న పోయి రెండేళ్ళయింది. ఫోన్‌లో చోటు చాలక అందులోంచి ఎప్పుడో తీసేశాను. సర్వర్‌లో ఉందిగా, రెండు కాపీలు ఉన్నాయిగా అనుకున్నాను. ఆ రోజుకు మిగిలింది ఒకటే.

హాట్ స్వాప్ ఎలా పనిచేస్తుంది

కంప్యూటర్ నడుస్తుండగానే డిస్క్ పెట్టడం, తీయడం హాట్ స్వాప్. సాటా డిస్క్ కనెక్టర్‌ను ఇందుకు తగ్గట్టే తయారుచేశారు. దాని కరెంటు కనెక్టర్‌లో 15 పిన్నులుంటాయి, అన్నీ ఒకే పొడవు ఉండవు. లోపలికి నెట్టినప్పుడు ముందు గ్రౌండ్ పిన్నులు తాకుతాయి, తర్వాత ప్రీఛార్జ్ పిన్నులు, చివరకు మిగతావి. దానివల్ల ఒక్కసారిగా కరెంటు ఎగదన్నదు.

ఇది హార్డ్‌వేర్ సంగతి. కొత్త డిస్క్ వచ్చిందని గుర్తించాల్సింది మదర్‌బోర్డు మీదున్న సాటా కంట్రోలర్, దాన్ని నడిపే కెర్నల్ డ్రైవర్. డిస్క్ తాకగానే పోర్టులో సంకేతం మారుతుంది, కంట్రోలర్ కెర్నల్‌కు కబురు చేస్తుంది, కెర్నల్ డిస్క్‌ను పలకరించి పేరు పెడుతుంది. ఈ గొలుసులో ఏ లంకె తెగినా మనకు కనిపించేది ఒక్కటే: డిస్క్ లేదు. అందుకే చూడగానే "కొత్త డిస్క్ చెడిపోయింది" అనేసుకుంటాం.

కెర్నల్ మారితే ఏం మారుతుంది

కెర్నల్ అప్‌గ్రేడ్ తర్వాత హాట్ స్వాప్ ఆగిపోవడానికి ఇళ్ళల్లో ఎక్కువగా ఎదురయ్యే కారణాలు ఇవి.

ఒకటి, కరెంటు పొదుపు. సాటా లింక్‌కు నిద్ర స్థితులు ఉన్నాయి. కొత్త కెర్నల్స్‌లో, కొన్ని కంట్రోలర్ల మీద, ఈ పొదుపు దానంతటదే ఆన్ అవుతుంది. పొదుపు గట్టిగా ఉన్నప్పుడు ఖాళీ పోర్టును కెర్నల్ పూర్తిగా నిద్రపుచ్చుతుంది. నిద్రపోయిన పోర్టులో డిస్క్ పెడితే కబురు చెప్పేవాళ్ళుండరు. ఇది హాట్ స్వాప్ పోర్టు అని బయోస్ చెప్పి ఉంటే కెర్నల్ దాన్ని నిద్రపుచ్చదు.

రెండు, డ్రైవర్. విడిగా కొన్న కంట్రోలర్ కార్డుకు, లేదా జెడ్ఎఫ్ఎస్ లాంటి బయటి మాడ్యూళ్ళకు, కొత్త కెర్నల్‌కు సరిపడే కూర్పు తయారు కాకపోవచ్చు. అప్పుడు ఒక్క కొత్త డిస్క్ కాదు, ఆ కార్డు మీద లేదా ఆ పూల్‌లో ఉన్నవన్నీ మాయమవుతాయి.

మూడు, యూఎస్‌బీ డాక్. డాక్‌లో పెట్టే డిస్కులకు యూఏఎస్ అనే వేగవంతమైన పద్ధతి ఉంది. కొన్ని డాక్ చిప్పులకు అది సరిపడక డిస్క్ వచ్చి పోతూ ఉంటుంది.

నాలుగు, పేర్లు మారడం. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లు డిస్క్‌కు శాశ్వతం కావు. ఏది ముందు పలికితే దానికి ముందు అక్షరం. రీబూట్ తర్వాత తారుమారు కావచ్చు. డిస్క్ వచ్చినా వేరే పేరుతో వచ్చి ఉండొచ్చు.

మొదట చేయకూడనివి

మిర్రర్‌లో ఒక్క డిస్కే మిగిలినప్పుడు దాన్ని కదిలించకూడదు. ఆ ట్రేలో బాగుందా, ఈ ట్రేలో బాగుందా అని మార్చి చూడటం మంచి డిస్క్‌తో చేయకూడదు.

అక్షరం చూసి డిస్క్ తీయకూడదు. ఈ తప్పు నేను చేయబోయాను. చెడిపోయిన డిస్క్‌ను ముందు తీసేద్దామనుకున్నాను. ట్రేల మీద టేపు అంటించి ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని నేనే రాసుకున్నాను. స్క్రీన్ మీద మిర్రర్‌లో లేని డిస్క్ ఎస్‌డీఏ అని ఉంది. పై ట్రే మీద టేపు కూడా ఎస్‌డీఏ అనే అంటోంది. గొళ్ళెం మీద చెయ్యి వేశాక అనుమానం వచ్చింది, గురువారం చెడిపోయింది ఎస్‌డీబీ కదా అని. "స్మార్ట్‌సీటీఎల్ -ఐ" కొట్టి సీరియల్ నంబరు తీశాను. డిస్కులు కొన్న రోజు మావారు వాట్సాప్‌లో పంపిన ఫోటోతో పోల్చాను. స్క్రీన్ మీది ఎస్‌డీఏ కింది ట్రేలో ఉంది. రీబూట్‌లో పేర్లు తారుమారయ్యాయి. ఆ గొళ్ళెం లాగి ఉంటే బతికున్న ఒక్క డిస్కూ నడుస్తుండగా ఊడివచ్చేది. ఇక ఏదీ తీయకూడదని నిర్ణయించుకుని, కొత్తదాన్ని ఖాళీగా ఉన్న మూడో ట్రేలోనే ఉంచాను.

కాపీ తీయకుండా ఏ ప్రయోగమూ చేయకూడదు. ముందుగా యూఎస్‌బీ డిస్క్ ఒకటి తగిలించి, మళ్ళీ దొరకని ఫైళ్ళన్నీ అందులోకి ఎక్కించాను. రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటల తర్వాతే నా బుర్ర సరిగ్గా పనిచేయడం మొదలుపెట్టింది.

వరుస పరీక్షలు

కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో సాల్ట్ అనాలసిస్ చేసినవాళ్ళకు ఈ పద్ధతి కొత్త కాదు. మొదటి గ్రూపు చూడకుండా మూడో గ్రూపుకు పోకూడదు, ఒకేసారి రెండు రీయేజెంట్లు పోయకూడదు, చివర కన్ఫర్మేటరీ టెస్ట్ లేకుండా జవాబు రాయకూడదు. ఇక్కడా అంతే. ఒక్కో పరీక్ష ఫలితం కాగితం మీద రాసుకుంటూ వెళ్ళండి.

1. కెర్నల్ నిజంగా మారిందా? "యూనేమ్ -ఆర్" కొడితే ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ వెర్షన్ కనిపిస్తుంది. "జర్నల్‌సీటీఎల్ -కె -బి -1" కొడితే కిందటిసారి బూట్ అయినప్పటి కెర్నల్ లాగ్ వస్తుంది. మొదటి వరుసల్లోనే అప్పటి వెర్షన్ ఉంటుంది. రెండూ ఒకటే అయితే నేరం కెర్నల్‌ది కాదు, వేరేచోట వెతకండి.

2. డిస్క్ తిరుగుతోందా? ట్రే మీద చెయ్యి ఆనించి చూడండి. అసలు కదలిక లేకపోతే అది కరెంటు సమస్య. కొత్త డిస్కుల విషయంలో ఒక చిక్కు ఉంది. సాటా 3.3 ప్రమాణం వచ్చాక కొన్ని డిస్కుల్లో కరెంటు కనెక్టర్ మూడో పిన్ను డిస్క్‌ను ఆపడానికి వాడుతున్నారు. పాత తరహా పెట్టె ఆ పిన్నుకు 3.3 వోల్టులు ఇస్తుంటే డిస్క్ ఎప్పటికీ తిరగదు. బయటి డ్రైవ్ పెట్టెలు విప్పి తీసిన డిస్కుల్లో ఇది ఎక్కువ. దీనికీ కెర్నల్‌కూ సంబంధం లేదు.

3. కెర్నల్‌కు కబురు అందుతోందా? ఒక కిటికీలో "సుడో డీమెస్గ్ -డబ్ల్యూ" నడుపుతూ (డి, ఎం, ఇ, ఎస్, జి అక్షరాలు) డిస్క్ పెట్టండి. మామూలుగా అయితే పది సెకన్లలోపు "ఏటీఏ" అనే మాటతో, పోర్టు నంబరుతో వరుసలు రావాలి. ఒక్క వరుస కూడా రాకపోతే పోర్టు నిద్రలో ఉందని అనుమానించండి. మాకు ఒక్క అక్షరం రాలేదు. వరుసలు వచ్చి ఎర్రర్లు కూడా వస్తుంటే కేబుల్, ట్రే కనెక్టర్ లేదా డిస్క్‌లో లోపం ఉంది.

4. వేరే పేరుతో వచ్చిందా? "ఎల్ఎస్‌బీఎల్‌కే -ఓ నేమ్,సైజ్,మోడల్,సీరియల్" కొడితే డిస్కులన్నీ సీరియల్ నంబర్లతో కనిపిస్తాయి. కొత్త డిస్క్ మీద ముద్రించిన నంబరు ఆ జాబితాలో ఉందేమో చూడండి.

5. పోర్టు నిద్ర విధానం ఏమిటి? సిస్ ఫోల్డర్‌లో క్లాస్, అందులో స్కజీ_హోస్ట్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో హోస్ట్0, హోస్ట్1 అని పోర్టుకు ఒకటి చొప్పున ఉంటాయి. ఒక్కోదాంట్లో లింక్_పవర్_మేనేజ్‌మెంట్_పాలసీ అనే ఫైలును "క్యాట్"తో చదవండి. మ్యాక్స్_పెర్ఫార్మెన్స్ అని ఉంటే పొదుపు లేదు. మెడ్_పవర్_విత్_డిఐపిఎం అనో మిన్_పవర్ అనో ఉంటే పొదుపు ఉంది. ఏ హోస్ట్ ఏ పోర్టో తెలియాలంటే అదే ఫోల్డర్‌లో "ఎల్ఎస్ -ఎల్" కొట్టండి, ఏటీఏ3 వెనకే హోస్ట్2 అన్నట్టు దారి మొత్తం కనిపిస్తుంది. మా ఖాళీ ట్రే పోర్టు మీద మెడ్_పవర్ అని ఉంది.

6. నిద్ర లేపండి. రూట్ అధికారంతో ఆ పాలసీ ఫైలులో మ్యాక్స్_పెర్ఫార్మెన్స్ అని రాయాలి. ఆ మాటను "ఎకో" చేసి "సుడో టీ"కి పంపిస్తే చాలు. తర్వాత అదే హోస్ట్ ఫోల్డర్‌లో ఉన్న స్కాన్ అనే ఫైలులో మూడు అడ్డగీతలు, మధ్యలో ఖాళీలతో, రాయాలి. "ఈ పోర్టు మొత్తం మళ్ళీ వెతుకు" అని దాని అర్థం.

నేను ఆ మూడు గీతలు పంపిన కొద్ది సెకన్లకే డీమెస్గ్ కిటికీలో వరుసలు కదిలాయి. సాటా లింక్ అప్, 6.0 జీబీపీఎస్, ఎస్‌స్టేటస్ 133. దాని కింద కొత్త డిస్క్ మోడల్ నంబరు.

7. కన్ఫర్మేటరీ టెస్ట్. కొత్త డిస్క్‌ను ఇంకా మిర్రర్‌లో చేర్చలేదు కాబట్టి దాన్ని పద్ధతిగా తీసి మళ్ళీ పెట్టాను. ఈసారి స్కాన్ అవసరం లేకుండానే వచ్చింది. పాలసీ మార్చడమే మందు అని అప్పుడు రాసుకున్నాను. మిర్రర్ మళ్ళీ నిండాక మరునాడు పాత కెర్నల్‌తో బూట్ చేసి అదే ఫైలు చదివాను. అందులో మ్యాక్స్_పెర్ఫార్మెన్స్ అనే ఉంది. మారింది కెర్నల్ అలవాటే, డిస్క్ తప్పేమీ లేదు.

పాత కెర్నల్‌తో బూట్ చేయడానికి కంప్యూటర్ ఆన్ కాగానే షిఫ్ట్ గానీ ఎస్కేప్ గానీ నొక్కితే గ్రబ్ మెనూ వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత వెర్షన్లు ఉంటాయి. అందుకే అప్‌గ్రేడ్ అయిన వెంటనే పాత కెర్నల్‌ను తీసేయకండి.

ఎస్‌స్టేటస్ అంకెలు చదవడం

లాగ్‌లో కనిపించే ఈ మూడంకెలు నాకు బాగా నచ్చాయి. చివరి అంకె డిస్క్ ఉనికి, మధ్య అంకె వేగం, మొదటి అంకె లింక్ మెలకువ.

133: డిస్క్ ఉంది, మాట్లాడుతోంది, వేగం 6 జీబీపీఎస్.
123: అన్నీ బాగానే ఉన్నాయి, వేగం 3 జీబీపీఎస్.
113: వేగం 1.5 జీబీపీఎస్. కొత్త డిస్క్‌కు ఇది వస్తే కేబుల్‌నో ట్రేనో అనుమానించండి. ఎర్రర్లు పదే పదే వస్తే కెర్నల్ తనే వేగం తగ్గిస్తుంది.
0: పోర్టులో ఏమీ తగల్లేదు.
1: ఏదో ఉంది కానీ మాట కలవలేదు.
4: పోర్టే ఆఫ్‌లైన్‌లో ఉంది.

శాశ్వతంగా సరిచేయడం

ఎకోతో రాసింది రీబూట్‌తో పోతుంది. శాశ్వతంగా ఉండాలంటే బయోస్‌లోకి వెళ్ళి, సాటా సెట్టింగుల్లో ట్రేలకు వెళ్ళే ఒక్కో పోర్టుకు హాట్ ప్లగ్ అనేదాన్ని ఎనేబుల్ చేయాలి. మా బయోస్‌లో అది మొదట్నుంచీ డిసేబుల్‌గానే ఉంది. పాత కెర్నల్ పొదుపు చేసేది కాదు కాబట్టి ఇన్నాళ్ళూ నడిచిపోయింది. పనిచేస్తోంది కదా అని సెట్టింగ్ సరిగానే ఉందనుకున్నాం.

బయోస్‌లో ఆ సదుపాయం లేకపోతే గ్రబ్ ఫైలులో కెర్నల్ వరుసకు "ఏహెచ్‌సీఐ.మొబైల్_ఎల్‌పీఎం_పాలసీ=1" అని చేర్చి అప్‌డేట్-గ్రబ్ నడపాలి. 1 అంటే మ్యాక్స్_పెర్ఫార్మెన్స్. టీఎల్‌పీ లాంటి పొదుపు ప్రోగ్రాములు ఉంటే వాటిలోనూ సాటా లింక్ సెట్టింగ్ చూడండి. లేకపోతే మీరు ఒకటి రాస్తే అది ఇంకోటి రాస్తుంది.

డిస్క్‌ను చేర్చడం, తీయడం

మిర్రర్ ఎమ్‌డీఏడీఎమ్‌తో కట్టినదైతే, "సుడో ఎమ్‌డీఏడీఎమ్", మీ రెయిడ్ పేరు, "--యాడ్", కొత్త డిస్క్ పేరు, ఈ వరుసలో కొడితే చేరుతుంది. పార్టిషన్ల మీద కట్టినవాళ్ళు ముందు అదే కొలతతో పార్టిషన్ చేసి దాన్ని చేర్చాలి. ప్రోక్ ఫోల్డర్‌లో ఎమ్‌డీస్టాట్ ఫైలు చూస్తుంటే శాతం పెరుగుతూ కనిపిస్తుంది. బ్రాకెట్లో ఒక యూ, ఒక అడ్డగీత ఉంటే ఒక డిస్క్ లోటు. రెండు యూలు వస్తే మిర్రర్ పూర్తి. సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున 4 టెరాబైట్లకు దాదాపు ఏడున్నర గంటలు పడుతుంది. ఆ రాత్రి నేను రెండుసార్లు లేచి చూశాను.

తీసేటప్పుడు ఈ వరుస తప్పకండి. సీరియల్ నంబరు సరిచూడండి. మౌంట్ అయి ఉంటే అన్‌మౌంట్ చేయండి. రెయిడ్‌లో ఉంటే "--ఫెయిల్", తర్వాత "--రిమూవ్" చేయండి. అప్పుడు సిస్ ఫోల్డర్‌లో బ్లాక్, అందులో ఆ డిస్క్ పేరు, అందులో డివైస్, అందులోని డిలీట్ అనే ఫైలులో 1 అని రాయండి. కెర్నల్ ఆ డిస్క్‌ను వదిలేస్తుంది. గొళ్ళెం తీసి ట్రేను కొంచెం బయటికి లాగి, లోపలి పళ్ళెం తిరగడం ఆగేదాకా అర నిమిషం ఆగి, పూర్తిగా తీయండి.

యూఎస్‌బీ డాక్ వాడేవాళ్ళు అన్‌మౌంట్ చేశాకే డాక్ స్విచ్ ఆపాలి. డిస్క్ వచ్చి పోతుంటే, ముందు వేరే కేబుల్, వేరే యూఎస్‌బీ పోర్టు చూడండి. డీమెస్గ్‌లో యూఏఎస్ పేరుతో ఎర్రర్లు ఉంటే ఆ డాక్ ఒక్కదానికి యూఏఎస్ ఆపే కెర్నల్ సెట్టింగ్ ఉంది. కాస్త వేగం తగ్గినా నిలకడగా ఉంటుంది.

క్లోజెట్ తలుపు మీద మా కాగితం

1. ట్రే మీద సీరియల్ నంబరులో చివరి నాలుగు అక్షరాలు రాయాలి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని రాయకూడదు.
2. మిర్రర్ సగమైతే ఆటోమేటిక్ అప్‌డేట్, రీబూట్ ఆపాలి.
3. ముందు కాపీ, తర్వాతే మరమ్మతు.
4. ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఏం మార్చామో రాయాలి.
5. కెర్నల్ మారిన ప్రతిసారీ, అవసరం రాకముందే, ఖాళీ డిస్క్ ఒకటి పెట్టి తీసి చూడాలి.
6. మిర్రర్ బ్యాకప్ కాదు. ఇంటి బయట ఇంకో కాపీ ఉండాలి.

ఆరోది ఆ ఆదివారం తర్వాత చేర్చాం. ఇప్పుడు ఒక డిస్క్ ఇదే ఊళ్ళో ఉన్న మా ఆడపడుచు ఇంట్లో ఉంటుంది. నెలకోసారి భోజనానికి వెళ్ళినప్పుడు మార్చుకుంటాం.

మిర్రర్ నిండిన సోమవారం పొద్దున్న, అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలి కదా అని, ముందుగా తెరిచిన ఫైలు నాన్న వీడియోనే. ఫ్యూజు బాక్సు ముందు మా అబ్బాయి గబగబా చెయ్యి పెట్టబోతుంటే నాన్న వాడి మణికట్టు పట్టుకుని, "ముందు మెయిన్ ఆపరా, తర్వాత చెయ్యి పెట్టు" అంటారు. ఇప్పుడు మా కాగితం మీద అన్నిటికంటే పైన, అంకె లేకుండా, మా అబ్బాయి రాసిన వాక్యం అదే.